వేళ్ళు ఉండాల్సిన చోట

ఆ ఆటని ఆడకుండానే తీసేశారు. పోటీకి వచ్చిన ఆటని, తీర్పు చెప్పడానికి కూర్చున్నవాళ్ళు, ఆడి చూడకుండా "పనిచెయ్యదు" అని రాసి పక్కన పడేశారు. జరిగిన అన్యాయం ఇది. దీనికి ముందు పెట్టుకోవాల్సిన మర్యాదలూ, వెనక చేర్చాల్సిన సర్దుబాట్లూ నా దగ్గర లేవు.

ఆ అన్యాయాన్ని చివరిదాకా ఒప్పుకోని మనిషి కిందటి నెల పోయారు. ఆవిడ గురించి రాయాలని కూర్చున్నాను.

చిలకలూరిపేటలో ఆవిడ పేరు చాలామందికి తెలియదు. బట్టల కొట్టు పైన మేడ, ఆ మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూటు, దాన్ని నడిపేది మేడం. ఊళ్ళో ఇంకెంతమంది మేడములున్నా, "మేడం దగ్గర నేర్చుకున్నాడు" అంటే ఆవిడ దగ్గరనే. ఆవిడది ఏ ఊరు, ఎప్పుడొచ్చారు, ఎందుకు ఒంటరిగా ఉన్నారు, ఇవన్నీ ఫ్లెక్సీలు కట్టేవాళ్ళు రాసుకుంటారు. నేను ఆవిడ మిషన్లు బాగుచేసినవాణ్ణి. పన్నెండు మిషన్లు, ఇరవై రెండేళ్ళు. నాలుగో తరగతిలో బడి మానేశాను. మిషను పెట్టెల్లో వచ్చే ఇంగ్లీషు కాగితాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. అందుకేనేమో, చదువుకున్నవాళ్ళు చదవకుండా తీర్పు చెబితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆవిడకి మండేది కాదు. ఆవిడ పద్ధతి వేరు.

పాఠం చెప్పేటప్పుడు ఆవిడ కళ్ళు మూసుకునేవారు. పన్నెండు మిషన్లు ఒక్కసారిగా టకటకలాడుతుంటే, చేతులు వెనక్కి కట్టుకుని, మధ్య దారిలో కళ్ళు మూసుకుని నడిచేవారు. మొదటిసారి చూసినప్పుడు తలనొప్పేమో అనుకున్నాను. నాలుగడుగులు వేశారో లేదో ఆగారు.

"ఆరో మిషను! నీ ఎడమ ఉంగరం వేలు నిద్రపోతోందమ్మా. లేపు."

ఆరో మిషను ముందున్న పిల్ల ఉలిక్కిపడి తన వేలి వంక చూసుకుంది.

"వేలిని చూడకు. చూస్తే దానికి భయమేస్తుంది."

నేను బాగుచేసిన మిషన్ని కూడా ఆవిడ చూసేవారు కాదు, వినేవారు. ఒకసారి మధ్యాహ్నమంతా కూర్చుని ఒక మిషను సరిచేసి అప్పగించాను. రెండు లైన్లు కొట్టి తల అడ్డంగా ఊపారు.

"మెకానిక్ గారూ, ఎన్ అక్షరం కుంటుతోంది."

"ఇప్పుడేగా సరిచేశానండీ!"

"మీరు సరిచేసింది ఎమ్."

విప్పి చూస్తే ఎన్నే. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారైనా ఆవిడ చెవి తప్పని నిరూపించాలనుకున్నాను. కుదరలేదు.

'తప్పు' అనే మాట ఆవిడ నోట వినలేదు. కాగితం నిండా తప్పులున్నా ఎర్రసిరాతో సున్నాలు చుట్టేవారు కాదు. కాగితం తిరిగి చేతికిచ్చి "మళ్ళీ" అనేవారు. అంతే. ఆ "మళ్ళీ"లో కోపం ఉండదు, జాలి కూడా ఉండదు. తప్పించుకునే సందు అసలే ఉండదు.

తొంభైల చివర్లో ఆరు మిషన్లు మూలన పడి, వాటి చోట ఆరు కంప్యూటర్లు వచ్చాయి. ఆవిడ వాటికీ గుడ్డ కవర్లు కుట్టించారు. కంప్యూటరు మీద కొడుతూ లైను చివరికి రాగానే ఆవిడ ఎడమచెయ్యి తనంతట తాను పైకి లేచి, అక్కడ లేని మీటని కుడివైపుకి తోసేది. పిల్లలు ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు.

"నవ్వండి నవ్వండి," అనేవారు. "నా చేతికి జ్ఞాపకం ఉంది. మీ చేతులకి ఏముందో చూద్దాం."

ఇక పోటీ సంగతి. రెండువేలు దాటిన కొత్తలో హైదరాబాదు నుంచి ఒక కంప్యూటరు శిక్షణ కంపెనీ, గుంటూరు ఇంజనీరింగు కాలేజీ లెక్చరరు ఒకాయన కలిసి గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకి ఒక పోటీ పెట్టారు. కంప్యూటరు ఆటలు ఆడే పోటీ కాదు, తయారుచేసే పోటీ. ఎవరైనా సరే సొంతంగా ఒక ఆట తయారుచేసి సీడీలో తేవాలి. హాలు కావాలని మేడాన్ని అడిగారు. హాలు ఇచ్చినందుకు న్యాయనిర్ణేత కుర్చీ కూడా ఒకటి ఇచ్చారు. మూడో కుర్చీ. కరెంటు పోతే జనరేటరు చూసుకోవడానికి నేనున్నాను.

మార్కుల కాగితంలో బొమ్మలకిన్ని, చప్పుళ్ళకిన్ని, ఆలోచనకిన్ని అని గళ్ళున్నాయి. అడుగున ఒక లైను: 'మీకు స్వయంగా నచ్చినవి మూడు'. ఆ లైను లెక్చరరుగారికి సరదా. మేడానికి అసలు కాగితమే అది.

"పైన గళ్ళన్నీ వాళ్ళవండీ," అన్నారు నాతో. "ఇదొక్కటీ నాది. మార్కు అందరిదీ, ఇష్టం నాది. ఇష్టానికి నేనే పూచీ."

ఆ పూచీ ఎట్లా పడ్డారో చెప్పాలి. టైపులో హయ్యరు పరీక్షకి చదివే ఒకమ్మాయిని ఆడమని, తను వెనక కళ్ళు మూసుకుని నిలబడ్డారు. బొమ్మలు చూడలేదు. ఆడే అమ్మాయి వేళ్ళు విన్నారు. గుంటూరు బస్టాండు ముందు షేరాటో ఆట ఒకటి వచ్చింది. ఇంకొకళ్ళు, ఇంకొకళ్ళు అని ఎక్కించుకుంటూ పోతే చివరికి ఆటో బోల్తాపడుతుంది. అమ్మాయి పడీపడీ నవ్వింది. మేడం కళ్ళు తెరవకుండానే ఒకటో నంబరు వేయించారు. తర్వాత ఇద్దరు పిల్లలు చేసిన అచ్చంగాయల ఆట. ఎగరేసిన రాళ్ళు బెలూన్లలాగా తీరిగ్గా దిగుతున్నాయి.

"ఇవేం రాళ్ళండీ, దూదిపింజలా?" అన్నాను.

"ఆగండి. రాయి పట్టే ముందు ఆ పిల్ల వేలు ఆగింది, విన్నారా? ఊపిరి బిగబట్టింది. ఇక రాయి బరువు ఎంతైతేనేం!"

రెండో నంబరు.

మంచు కొండల మీద కారు పరుగెత్తే ఆట ఒకటి వచ్చింది. మొదటి బహుమతి దానికే వచ్చింది. నాకు వెటకారం ఆగలేదు. "నరసరావుపేట కుర్రాడికి మంచు ఎక్కడ కనబడిందండీ, ఐసుఫ్యాక్టరీలోనా?" అన్నాను. ఆవిడ నన్ను కసిరారు. "మంచు చూడనివాడికే మంచు మీద మోజు. దాన్ని ఏమీ అనకండి. నాకు నచ్చలేదంటే అది చెడ్డదని కాదు. నాకు నచ్చలేదని."

ఇప్పుడు మూడోది. ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి.

పొద్దున మొదటి వడపోత జరిగింది. ఆటలు తెరుచుకుంటున్నాయో లేదో లెక్చరరుగారూ, కంపెనీ ఆయనా చూశారు. ఆ సమయానికి మేడం కింద మెట్ల దగ్గర వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటున్నారు. నేను పైన ఉన్నాను. ఒక సీడీ పెట్టారు. తెర మీద ఎనిమిది ఎర్రటి కుప్పలు వచ్చాయి. లెక్చరరుగారు బాణం గుర్తుల మీటలు నొక్కారు. ఏమీ కదల్లేదు. మళ్ళీ నొక్కారు. ఒక మబ్బు వచ్చి కుప్పల మీద వాన కురిపించి వెళ్ళిపోయింది. సీడీతో పాటు ఇచ్చిన చీటీ తీసి చదివారు: 'వేళ్ళు ఉండాల్సిన చోట ఉంచి ఆడవలెను.'

"వేళ్ళు ఉండాల్సిన చోటంటే ఎక్కడండీ, ముక్కులోనా?" అన్నారు.

కంపెనీ ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఇది కూడా రాయాలి. టైపు మిషను ఎముకా నరమూ తెలిసిన నేను, నవ్వాను.

"హ్యాంగయింది. నెక్స్ట్," అన్నారు. చీటీ మీద 'పనిచెయ్యదు' అని రాసి కిటికీలో పెట్టారు.

రెండు నంబర్లు వేశాక మేడం తన కాగితం వంక చూసుకున్నారు.

"కింద పంతొమ్మిది ఆటలకి పేర్లు రాశాను. ఇక్కడ పద్దెనిమిది ఆటలే ఉన్నాయి. ఇంకొకటేదీ?"

"అది పనిచెయ్యలేదండీ మేడం," అన్నారు లెక్చరరుగారు, కిటికీ వైపు చెయ్యి చూపించి.

ఆవిడ వెళ్ళి చీటీ చదివారు. నవ్వలేదు. సీడీ పెట్టి, కుర్చీ దగ్గరకి లాక్కుని, తనే కూర్చున్నారు. మీటల పలక మధ్య వరసలో ఎడమచేతి నాలుగు వేళ్ళు ఏ, ఎస్, డి, ఎఫ్ మీద, కుడిచేతి నాలుగు వేళ్ళు జె, కె, ఎల్, సెమీకోలన్ మీద పెట్టారు. టైపు నేర్చుకునే ఎవరికైనా మొదటిరోజు మొదటి పాఠం అదే. చేతులు అక్కడ పెట్టాకే మిగతా బతుకంతా. ఎనిమిది వేళ్ళు, ఎనిమిది కుప్పలు.

అది కల్లం. ఆరబోసిన మిరపకాయలు. మబ్బు ఏ కుప్ప మీదికొస్తే ఆ వేలు నొక్కాలి, పట్టా కప్పుకుంటుంది. మబ్బు దాటగానే మళ్ళీ నొక్కాలి, పట్టా తొలుగుతుంది. కప్పటం ఆలస్యమైతే కాయ తడుస్తుంది. తియ్యటం ఆలస్యమైతే లోపల ఉక్కపోసి తెల్లబడి తాలు కాయ అవుతుంది. ఇంతే ఆట. ఆవిడ కళ్ళు తెరుచుకుని మిషను ముందు కూర్చోవడం నేను ఆరోజే చూశాను. ఒక్కో వాన వచ్చేకొద్దీ మబ్బులు జోరెక్కాయి, వేళ్ళు వాటిని మించి పరిగెత్తాయి. చివరి వాన వెలిసి ఎండ వచ్చేదాకా ఆడారు. చేతులు ఒళ్ళోకి తీసుకున్నారు.

"ఇది పనిచేస్తోంది," అన్నారు.

"బాణం మీటలు పనిచెయ్యవండీ దాంట్లో," అన్నారు లెక్చరరుగారు.

"మీరు వేళ్ళు పెట్టలేదు."

"మేడం, వడపోత అయిపోయింది. షీటు మీద సంతకాలు కూడా పెట్టేశాం."

"సరే. మార్కులు వెయ్యొద్దు. నాకు నచ్చిన మూడింట్లో రాస్తాను."

"అందులో కూడా వడపోత దాటినవే రాయాలండీ. రూలు."

"నా ఇష్టానికి మీ వడపోత ఎందుకండీ?"

ఆయన చెడ్డవాడు కాదు. తొందరపడే మంచివాడు. అలాంటివాళ్ళతోనే కష్టం, తిట్టడానికి కూడా పనికిరారు. మేడం సంతకం పెట్టకుండా కలం మూత పెట్టేశారు. ప్రకటించిన జాబితాలో ఆవిడ పేరు కింద రెండే ఆటలు వచ్చాయి.

ఆట చేసినతను వరండాలో నిలబడి ఉన్నాడు. పేరు మస్తాన్‌వలి. ముప్పై దాటిన మనిషి. ఒక జిన్నింగు మిల్లులో లారీలు తూచే కాటా దగ్గర కంప్యూటరు చూసేవాడు. మిల్లు మూసి ఉండే నెలల్లో ఆ కంప్యూటరు మీద పుస్తకం చూసుకుంటూ ఆట రాసుకున్నాడు. అంతకు ముందటేడు వాళ్ళ కౌలు చేలో కాయ కల్లంలోనే తడిసింది. మేడం దగ్గరే లోయరు పాసయ్యాడు.

"ఏమయ్యా, 'వేళ్ళు ఉండాల్సిన చోట' అని రాస్తే ఎవరికి తెలుస్తుంది?" అన్నారు మేడం.

"అందరికీ తెలుసుగా మేడం?"

"వాళ్ళకి టైపు రాదు."

మస్తాన్ నోరు తెరిచాడు. "అదేంటి మేడం! కంప్యూటరు సారులేగా? టైపు రాకుండా కంప్యూటరు ఎట్టా నేర్చుకున్నారండీ?"

ఆవిడకి నవ్వొచ్చింది. ఆరోజంతటికీ అదొక్కటే నవ్వు. "ఇందులో నా వాటా కూడా ఉందిలే. లోకంలో రెండు వేళ్ళతో కొట్టుకుని బతికేవాళ్ళు కూడా ఉంటారని నీకు చెప్పలేదు."

"బహుమతి వద్దులెండి మేడం. వాళ్ళు ఒక్కసారి ఆడితే చాలు."

ఆ ఒక్కసారి కోసమే తర్వాతదంతా.

మర్నాడు సోమవారం. ఆవిడ కంప్యూటరు ముట్టుకోలేదు. పాత మిషను మీద కవరు తీసి, కాగితం ఎక్కించి, 'నాకు నచ్చినవి మూడు' అని కొట్టారు. షేరాటో, అచ్చంగాయలు, మూడోది ఎనిమిది కుప్పలు. కింద సంతకం. హాల్‌టికెట్ల నోటీసు పక్కన బోర్డుకి గుచ్చారు. సామాన్లకని వచ్చిన కంపెనీ ఆయన అది చూసి పీకేశాడు. "రిజల్టు వచ్చాక ఇంకో లిస్టు పెడితే కన్‌ఫ్యూజనండీ!" ఆవిడ వాదించలేదు. ఇంకో కాగితం ఎక్కించారు. అప్పట్నుంచి ప్రతి సోమవారం పాత కాగితం తీసి, కొత్తది కొట్టి పెట్టేవారు. నకలు తీయించిపెట్టుకోవచ్చుగదా అన్నాను ఒకసారి. "నకలైతే నిరుటి ఇష్టం అవుతుందండీ. ఈ వారం కూడా నచ్చిందని చెప్పొద్దూ?" అన్నారు. ఆరేళ్ళు. సెలవుల్లో కూడా.

బోర్డు చూసి ఎవరన్నా "ఏంటమ్మా ఈ ఎనిమిది కుప్పలు?" అంటే చాలు. "కూర్చోండి, ఆడండి" అనేవారు. పర్చూరు వైపు రైతు ఒకాయన కూతురి హాల్‌టికెట్టు కోసం వచ్చి కూర్చున్నాడు. చూపుడు వేలొక్కటే ఆయన ఆయుధం.

"ఏందమ్మా ఇది? మా కల్లమేగా! ఒరేయ్, ఆ చివర్ది కప్పండ్రా... అయ్యో, కప్పాను గదా, ఇదేంది తెల్లబడింది?"

"పట్టా తియ్యలేదండీ మీరు."

"ఓర్నీ! వానకంటే ఉక్కే ఎక్కువ తాలు చేసింది. ఎవరమ్మా చేసింది? తెలిసినోడే." ఓడిపోయి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"నచ్చిందా అండీ?"

"నచ్చటమేందమ్మా, కడుపు మండుద్ది. ఏదీ, మళ్ళీ పెట్టు."

పోటీ అయిన రెండేళ్ళకి ఆవిడ గుంటూరు వెళదామన్నారు. కాలేజీలో లెక్చరరుగారి గది బయట బెంచీ మీద గంటన్నర కూర్చున్నాం. లోపలికి పిలిచాక సీడీ తీసి బల్ల మీద పెట్టారు.

"అది పాత సంగతి కదండీ మేడం. ఆ కంపెనీ కూడా మూసేశారు."

"కంపెనీని అడగటం లేదు. మిమ్మల్ని అడుగుతున్నా. ఆడండి."

"ఒక్కరి ఇష్టం కోసం రిజల్టు మార్చలేం కదా?"

"మార్చొద్దు. ఆడండి."

"టైమ్ దొరికితే చూస్తానండీ."

"మళ్ళీ," అన్నారు మేడం.

"ఏమిటండీ?"

"ఆ జవాబు సరిగ్గా రాలేదు. మళ్ళీ చెప్పండి."

ఆయన మొహం ఎర్రబడింది. నేను ఆగలేకపోయాను. లేచి నిలబడి, ఆడకుండా తీర్పు చెప్పే హక్కు మీకెవరిచ్చారని గది అదిరేట్టు అరిచాను. వరండాలో పిల్లలు గుమిగూడారు. మేడం నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చారు.

"మెకానిక్ గారూ, మీరు అరిస్తే ఆయనకి ఆ అరుపే గుర్తుంటుంది. ఆట గుర్తుండదు. ఆయనకి మీరే ఒక సాకు ఇచ్చి వచ్చారు."

బస్సు యడ్లపాడు దాటింది. మేడం ఉన్నట్టుండి అన్నారు: "ఆడతారు. సీడీ బల్ల మీద పెట్టగానే అరచేత్తో తన వైపుకి లాక్కున్నారు. వద్దనుకునేవాడు వేళ్ళ కొసల్తో నెడతాడు."

నేను నమ్మలేదు. నాలుగేళ్ళపాటు నాదే నిజమయింది. ఈ నాలుగేళ్ళలో ఆవిడకి తెలియకుండా ఆయనకి ఆరు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. మేడం అడిగినట్టు అడగటం నాకు చేతకాదు. ఆరింటిలోనూ అరిచాననే అనుకుంటాను.

ఆవిడ ఒక సోమవారం జాబితా గుచ్చి, ఆ వారంలోనే పోయారు. గుండె. ఆసుపత్రిదాకా కూడా రానివ్వలేదు. తర్వాతి సోమవారం మస్తాన్‌వలి మేడ ఎక్కివచ్చి బోర్డు ముందు నిలబడ్డాడు. "తీసెయ్యమంటారా?" అని నన్ను అడిగాడు. "నువ్వు చేసిన ఆటని నువ్వే తీసేస్తావేందయ్యా?" అని కసిరాను. హాలు ఖాళీ చెయ్యమన్నారు, సెల్‌ఫోన్ల షోరూము వస్తుందట. రానివ్వండి. ఆ గదిలో ఒక మనిషి ఆరేళ్ళు ఒకే మాట మీద నిలబడిందన్న సంగతి ఏ షోరూమూ కప్పెట్టలేదు. ఊళ్ళో కొందరు "ఒక ఆట కోసం ఇంత రాద్ధాంతమా" అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. అవును, ఒక ఆట కోసమే. పెద్ద విషయాల్లో న్యాయం కావాలని అందరూ అరుస్తారు. చిన్న విషయంలో పట్టుబట్టడానికే మనిషి కావాలి.

ఏడో ఉత్తరం ఆవిడ పోయిన పదోరోజున రాశాను. అందులో అరవలేదు. మూడే వాక్యాలు: మేడం పోయారు. ఇక మీరు ఆవిడకి జవాబు చెప్పక్కర్లేదు. అయినా ఆడండి.

నిన్న జవాబు వచ్చింది. నేను అడిగింది క్షమాపణ కాదు, ఇది క్షమాపణా కాదు. అక్షరం మార్చకుండా దించుతున్నాను:

"అయ్యా, మీ ఏడు ఉత్తరాలూ నా దగ్గరున్నాయి. సీడీ పోయిందని చెప్పవచ్చు గానీ పోలేదు, సొరుగులోనే ఉంది. ఆదివారం పెట్టి చూశాను. వేళ్ళు ఎక్కడ ఉంచాలో మా ఆవిడ చూపించింది. ఆమె పెళ్ళికి ముందు లోయరు పాసయింది, ఆ సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఆ పోటీలో మేము ఈ ఆట ఆడలేదు, ఆడకుండా రాశాము. ఈ మాట మీరు ఎవరికైనా చూపించుకోవచ్చు, కింద సంతకం చేశాను. ఇప్పుడు రోజూ ఆడుతున్నాను. నాలుగు వానలు దాటగలుగుతున్నాను. అయిదో వానలో రెండు చివర్లలోని కుప్పల మీదికీ ఒక్కసారే మబ్బు వస్తోంది, ప్రతిసారీ ఎడమది తడిసిపోతోంది. ఆవిడ నా ఎదుటే అది దాటారు, నేను చూడలేదు. మీరు పక్కనే నిలబడి చూశారు కదా. ఎట్లా దాటారో దయచేసి రాయగలరు."